‘ఒక్క పేషెంటు కోసమా?’

ఉగాది సాయంత్రం మన సంఘం వేడుకలో, మనం పెట్టించిన కోనసీమ మెడికల్ క్యాంపు వీడియో వేశారు కదా. డ్రోన్‌లో కొబ్బరితోటలు, గోదావరి పాయ, షామియానా కింద బీపీ చూపించుకోడానికి వరసలో కూర్చున్న ముసలమ్మలు. చివర్లో ‘వెయ్యి మందికి పైగా వైద్యసేవ’ అని పెద్ద అక్షరాలు. నేనూ చప్పట్లు కొట్టాను.

పులిహోర లైన్లో కమిటీ పెద్దాయన ముందున్నారు. మా ఊరి దగ్గర తొమ్మిదేళ్ల పిల్ల ఉందండీ, ఏడాదిగా నడక తడబడుతోంది, ఏం జబ్బో ఎవరూ తేల్చడం లేదు, హైదరాబాదులో టెస్టులకి మన ఫండ్ నుంచి ఇవ్వగలమా అని అడిగాను. “ఒక్క పేషెంటు కోసమా? డోనర్లకి ఏం చూపిస్తామండీ?” అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. నా ప్లేటులో గారె కూడా ఆయనే వేశారు. కానీ ఆ మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఎందుకో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

మా అక్కని మా చిన్నమావయ్యకే ఇచ్చారు. పిల్లా పొలమూ రెండూ కళ్లముందే ఉంటాయని మా అమ్మమ్మ పట్టుదల. ఊరొదిలి వచ్చాక ఇక్కడ మేనరికం అనగానే మనవాళ్లు మొహం అదోలా పెడతారు, నేనూ పెడతాను. పురిట్లో అక్కకి పథ్యం వండి పెట్టింది ఆ అమ్మమ్మే అన్నది మాత్రం ఎవరికీ చెప్పను.

అక్క కొడుక్కి పదకొండేళ్లప్పుడు కామెర్లొచ్చాయి. పసరు పోయించారు, తగ్గింది. ఇంటర్‌కొచ్చేసరికి వాడి ముత్యాల్లాంటి చేతిరాత కోడి గెలికినట్టయింది. మాట ముద్దయింది, నోట్లోంచి చొంగ. ఊరి సెంటర్లో కిళ్లీకొట్టు అతను “ఈ వయసులోనే మందా?” అన్నాట్ట. టౌనులో ఒక డాక్టరు చదువు టెన్షన్ అని మాత్రలిస్తే వాడు ఇంకా బిగుసుకుపోయాడు. అక్క తాయెత్తు కట్టించింది, అంతర్వేదికి మొక్కుకుంది. నేనిక్కణ్ణుంచి ఫోన్లో ఇచ్చిన సలహా: ముందు వాడి సెల్లు లాక్కోండి, అన్నీ సర్దుకుంటాయి. తాయెత్తు కట్టినవాళ్లని వెక్కిరించే హక్కు నాకెక్కడిది?

మూడేళ్లు ఇలాగే గడిచాయి. చివరికి కళ్లజోడు కోసం వెళ్తే, కళ్ల డాక్టరమ్మ కంటిని పెద్దదిగా చూపించే స్లిట్‌ల్యాంపులో చూస్తూ చూస్తూ ఆగిపోయింది. నల్లగుడ్డు అంచు చుట్టూ బంగారు గోధుమ రంగులో సన్నటి వలయం. “బాబుకి ఎప్పుడైనా కామెర్లొచ్చాయా అమ్మా?” అని అడిగింది. అంతకుముందు ఒక్కరూ అడగని ప్రశ్న అది. పరీక్షలు చేస్తే రక్తంలో రాగిని మోసే ప్రోటీను, సెరులోప్లాస్మిన్ తక్కువ, 24 గంటల మూత్రంలో రాగి ఎక్కువ. విల్సన్ జబ్బు.

తిండితో వచ్చే రాగిలో మిగిలిందాన్ని మామూలుగా లివరు పైత్యరసంలోకి తోసేస్తుంది. వీళ్లకి ఆ దారి మూసుకుపోయి రాగి లివర్లో, మెదడులో, కళ్లలో పేరుకుంటుంది. సుమారు 30 వేల మందిలో ఒకరికి వస్తుందంటారు. లండన్‌లో కినియర్ విల్సన్ అనే డాక్టరు 1912లోనే దీని గురించి రాశాడు. 1956 నుంచి పెనిసిల్లమిన్ అనే మందుంది. మందు ఉంది, జబ్బు పేరు తెలియక మూడేళ్లు పోయాయి.

ఏం నీళ్లు తాగుతాడని అడిగితే అక్క నోట మాట రాలేదు. రోజూ రాత్రి రాగిచెంబులో నీళ్లు పోసి, పొద్దున్నే పరగడుపున తనే తాగించేది, ఒంటికి మంచిదని. చింతపండుతో తోమి తోమి మూతి దగ్గర పల్చబడ్డ చెంబు. జబ్బు చెంబు వల్ల రాలేదమ్మా, పుట్టుకతోనే ఉంది, ఇకమీదట మాత్రం వద్దని డాక్టర్లు ఎంత చెప్పినా అక్క మనసు కుదుటపడలేదు. చెంబు అటకెక్కింది. ఎండురొయ్యలు, జీడిపప్పు కూడా మానిపించారు. కోనసీమలో ఎండురొయ్యలు లేకుండా వంకాయ కూర తినడం చిన్న శిక్ష కాదు.

తల్లిదండ్రులిద్దరిలో ఆ లోపమున్న జన్యువు చెరొకటి దాగుంటే, ప్రతి కాన్పుకీ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు. అందుకని వాడి చెల్లెలికీ పరీక్ష చేయించమన్నారు. దానికేం, గుర్రంలా ఉందన్నాం. దానికీ ఉంది! లక్షణాలు బయటపడకముందే జింకు మాత్రలు మొదలుపెట్టారు, ఈ రోజు వరకూ దాని చేతిరాత చెక్కుచెదరలేదు. మావాడి మాట ఇంకా నిదానమే, కానీ వాడి సంపాదన వాడు తింటున్నాడు. పెద్దాయన గారూ, ఒక్క పేషెంటు అన్నది మాకు ఇద్దరయ్యారండీ.

క్యాంపులు దండగ అనను. మా బాబాయి షుగరు బయటపడింది క్యాంపులోనే. రోజంతా ఓపీ చూసే డాక్టరు ప్రతివాడి కళ్లలో వలయం వెతకలేడు, అదీ నిజమే. 2021లో కేంద్రం అరుదైన జబ్బులకి పాలసీ తెచ్చింది, జాబితాలోని జబ్బులకి 50 లక్షల దాకా సాయం, హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో వాటికో ప్రత్యేక సెంటరు ఉంది. కానీ ఆ గుమ్మం తొక్కాలంటే ముందు జబ్బుకి పేరుండాలి. పేరు దొరికే లోపు గౌతమి ఎక్స్‌ప్రెస్ టికెట్లు, లాడ్జి అద్దె, పోయిన కూలి, టెస్టులు ఎవరు పెట్టుకుంటారు? ఆ చిన్న గండం మనం దాటించగలం. మన సభ్యుల్లో ఎంతమంది డాక్టర్లున్నారో డైరెక్టరీ తిరగేస్తే తెలుస్తుంది. నెలకో ఆదివారం గంటసేపు ఇలాంటి ఒకే ఒక్క పేషెంటు ఫైలు ముందేసుకుని కూర్చుంటే చాలు.

వచ్చే బోర్డు మీటింగుకి ఆ పిల్ల రిపోర్టులు తెస్తున్నాను, మొదటి చెక్కు నాదే. సెక్రటరీ గారూ, దయచేసి దీన్ని ఎజెండాలో చివరి ఐటమ్‌గా పెట్టకండి. అప్పటికి బిర్యానీ వచ్చేస్తుంది, అందరూ లేచిపోతారు.