వదలమంటే వదలని థ్రాటిల్ లాక్ గారికి బహిరంగ లేఖ

బైకు యాక్సిలరేటర్‌ను తిప్పినచోటే ఆపి ఉంచే మహారాజశ్రీ థ్రాటిల్ లాక్ గారి దివ్యసముఖమునకు,

బెంగళూరు మారతహళ్లి నుంచి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. ఆ మాట రాయగలుగుతున్నందుకు ముందు నా బైకు మీది ఎర్ర స్విచ్చుకూ, తర్వాత బాగేపల్లి మెకానిక్కుకూ దండాలు పెట్టుకున్నాను. తమరు ప్రస్తుతం రెండు ముక్కలై ఒక క్యారీ బ్యాగులో ఉన్నారు కాబట్టి మీ క్షేమం అడగడం లేదు.

మొన్న శనివారం మధ్యాహ్నం భోజనానికి నేను అనంతపురంలో ఉండాల్సింది. అమ్మ ఓళిగలు చేసింది. నేను మాత్రం ఆ మధ్యాహ్నమంతా ఒక రేకుల షెడ్డు ముందు, పంచర్లు చూసే నీళ్లతొట్టి పక్కన, కాలు విరిగిన కుర్చీలో కూర్చుని "వస్తున్నా మా, దగ్గర్లోనే ఉన్నా" అని ఫోన్లో అబద్ధాలు చెప్పాను. ఓళిగలు రాత్రికి తిన్నాను. పెనం మీంచి దిగిన ఓళిగకూ, రాత్రి దాకా డబ్బాలో పెట్టిన ఓళిగకూ ఉన్న తేడా మీకు తెలిసే అవకాశం లేదు, వదిలేయండి. అన్నట్టు, వదిలేయడమే కదా మీకు రానిది.

తమరిని ఎందుకు తెచ్చుకున్నానో బైకు మీద ఊరికి పోయే ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. హెబ్బాళ దాటి, దేవనహళ్లి దాటి, నంది కొండ ఎడమ పక్కకు వచ్చేసరికి కుడి చెయ్యి మొరాయిస్తుంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కుతాయి. మణికట్టు వంచి అదే పనిగా పట్టుకుని కూర్చుంటే, దానికి ఇంజన్ అదురు తోడైతే, అక్కడి నరం నలిగిపోతుంది మరి. ఎడమ చేతిది రాజభోగం. గేరు మారినప్పుడు క్లచ్ నొక్కితే దాని డ్యూటీ అయిపోయింది. కుడి చెయ్యి మాత్రం యాక్సిలరేటర్‌ను మూసేయాలని చూసే స్ప్రింగుతో ఊరు చేరేదాకా పెనుగులాడుతూనే ఉండాలి. ముందు బ్రేకు కూడా దాని నెత్తినే వేశారు.

ఆ పెనుగులాట నాకు వదిలెయ్ అంటూ మీరు వచ్చారు. గ్రిప్పు చుట్టూ ఒక ప్లాస్టిక్ పట్టీ, పట్టీకి ఒక కొమ్ము. కొమ్ము వెళ్లి బ్రేకు లివరు మీద ఆనుతుంది. స్ప్రింగు గ్రిప్పును తిప్పబోతే కొమ్ము అడ్డం పడుతుంది, యాక్సిలరేటర్ ఎక్కడ పెట్టింది అక్కడే ఆగిపోతుంది. ఇంతకుమించి మీలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. నడిపేవాడు గట్టిగా తిప్పితే మాత్రం పట్టీ గ్రిప్పు మీద జారాలి. మీ పెట్టె మీద ఆ హామీ పెద్ద అక్షరాల్లో ఉంది: చెయ్యి కాస్త తిప్పితే చాలు, లాక్ దానంతట అదే వదిలేస్తుంది. ఆ ఒక్క వాక్యం చూసే డబ్బు కట్టాను.

ఆ శనివారం బాగేపల్లి టోల్ గేటు దాకా వచ్చాను. అక్కడ బైకులకు టోలు లేదు. దానికి బదులు ఎడమ చివర, సిమెంటు దిమ్మెల మధ్య ఒక సందు ఇస్తారు. దూరం నుంచే వేగం తగ్గిద్దామని చెయ్యి తిప్పాను. రాలేదు. ఇంకా గట్టిగా తిప్పాను. గ్రిప్పు, పట్టీ, కొమ్ము ముగ్గురూ కూడబలుక్కుని కదలకుండా కూర్చున్నారు. అలవాటు కొద్దీ క్లచ్ నొక్కాను. బండిని లాగే బరువు తప్పిపోగానే, యాక్సిలరేటర్ తెరిచే ఉంది కాబట్టి, ఇంజన్ గొంతు చించుకుని అరిచింది. చెనిక్కాయలమ్మే అవ్వ బుట్ట పక్కకు లాక్కుంది. లారీలోంచి తల బయట పెట్టిన క్లీనరు "ఏన్ గురూ, రేసా?" అని కేక వేశాడు. బొటనవేలితో ఎర్ర స్విచ్చు కొట్టి ఇంజన్ ఆపేసి, వెనక బ్రేకు తొక్కి, దిమ్మెకు జానెడు ముందు ఆగాను. ముందు బ్రేకు సంగతి అడుగుతారా? లివరు మీద అప్పటికే తమ కొమ్ము ఆసీనమై ఉంది.

మెకానిక్ మిమ్మల్ని చూసి "ఏందప్పా ఇది, గ్రిప్పుకు తాళమేసినావు?" అన్నాడు. స్క్రూ విప్పాడు, మీరు రాలేదు. స్క్రూ డ్రైవరు పెట్టి ఎత్తాడు, రాలేదు. లోపల మీకు వేసిన రబ్బరు ఎండకు కరిగి బంకైపోయి, గ్రిప్పును ఉడుంపట్టు పట్టింది. "కోస్తే గానీ రాదప్పా." మిమ్మల్నీ, మీతోపాటు ఏ పాపం ఎరగని గ్రిప్పునూ కలిపి కోశాడు. కొత్త గ్రిప్పు షెడ్డులో లేదు. ఒక పిల్లవాడు ఊళ్లోకి వెళ్లాడు, వేరే బండి గ్రిప్పు తెచ్చాడు, మళ్లీ వెళ్లాడు. తర్వాత దానికి బంక పూయడం, ఆరేదాకా ఆగడం. శనివారం అయిపోయింది.

ఇక మీరూ లేదు గీరూ లేదు. విను.

అనంతపురం రోడ్డు మీద తిరగాల్సిన వస్తువుకు ఎండకు కరిగే రబ్బరు వేసిన మహానుభావుడు ఎవరు? మే నెలలో ఆఫీసు బయట నిలబెట్టిన బైకు సీటు మీద చెయ్యి పెట్టి చూశాడా ఎప్పుడైనా? చేతి చెమట, పెట్రోలు వాసన, దుమ్ము, ఎండ, ఇవన్నీ తగిలే చోటు అది. పూజగదిలో పెట్టుకునే వస్తువు కాదు.

ఆ స్ప్రింగు ఎందుకుందో తెలుసా నీకు? బైకు మీద ఉన్న రక్షణల్లో అంత చవకది ఇంకోటి లేదు. హెల్మెట్లోకి తేనెటీగ దూరినా, గుంతలో పడి చెయ్యి జారినా, మనిషి బండి మీంచి ఎగిరి పడినా, చెయ్యి వదిలిన మరుక్షణం థ్రాటిల్ టప్పున మూసుకోవాలి. అందుకే పెట్టారు. అదీ చాలదనుకుని చాలా బైకులకు రెండేసి కేబుళ్లు ఇస్తారు, ఒకటి తెరవడానికి, ఒకటి మూయడానికి. స్ప్రింగు మొరాయిస్తే చేత్తో అయినా లాగి మూయగలగాలని. కేబులు బిగుసుకుపోకుండా గ్రిప్పుకు రెండు మూడు మిల్లీమీటర్ల వదులు ఉందో లేదో సర్వీసులో చూస్తారు. ఇంతమంది ఇంజినీర్లు ఇన్నేళ్లు మూసుకోవడం మీద ఇంత మనసు పెడితే, కాసిన్ని వందలకు దొరికే ప్లాస్టిక్ కొమ్ము వచ్చి వాళ్లందరి నోరూ నొక్కేసింది. నాలుగు వరుసల హైవే మీద బైకులకు 2018లో కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు. అంటే సెకనుకు 22 మీటర్లు. నీతో కుస్తీ పట్టిన ప్రతి సెకనుకూ అంత రోడ్డు కరిగిపోతుంది. ముందున్నది గేదె అయితే ఆ లెక్క దానికి ఎవరు చెప్పాలి?

సంక్రాంతికొచ్చి ఉగాది దాటినా మూట సర్దుకోని అల్లుడు నయం. అతనికి కనీసం సిగ్గుచేటు మాట ఒకటి అంటే చాలు, బస్సెక్కుతాడు.

పైగా నిన్ను అమ్మేవాళ్లు నీకు క్రూజ్ కంట్రోల్ అని పేరు పెట్టి అమ్ముతారు. పాపం ఆ రాల్ఫ్ టీటర్ వింటే ఏమనుకునేవాడో. చిన్నతనంలోనే చూపు పోయిన ఇంజినీరు ఆయన. కార్ల వేగాన్ని నిలకడగా ఉంచే యంత్రానికి 1950లో పేటెంటు తీసుకున్నాడు, 1958 నాటికి అది క్రైస్లర్ వాళ్ల కార్లలోకి ఎక్కింది. ఆయన యంత్రం వేగాన్ని కాపలా కాసింది. నువ్వు కాసేది చెయ్యి ఎంత తిరిగింది అన్నదాన్ని మాత్రమే. ఎత్తు వస్తే బండి ఈడ్చుకుంటుంది, పల్లం వస్తే నా మాట వినకుండా పరిగెత్తుతుంది, నీకు రెండూ ఒకటే. ఇప్పుడు కొన్ని బైకులకు కంపెనీలే ఇస్తున్న క్రూజ్ కంట్రోల్ బ్రేకు తగిలినా, క్లచ్ నొక్కినా తప్పుకుంటుంది. నువ్వు బ్రేకు మీద కూర్చుని కూడా బ్రేకు మాట వినవు.

అంతా నీ తప్పేనని అనను. ఈ ఊళ్లో నిన్ను వాడే చోటేది? ట్రాఫిక్‌లో బండ్లు కదలని సిల్క్ బోర్డు దగ్గరా? టిన్ ఫ్యాక్టరీ దగ్గరా? అక్కడ యాక్సిలరేటర్ తిప్పే అదృష్టమే అరుదు, ఇంక లాక్ చేయడం కూడానా. నీ కోసమే వేశారా అన్నంత తిన్నగా ఉండే మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ఒకటుంది. 2023 ఆగస్టు 1 నుంచి దాని మీదకు బైకుల్ని, ఆటోల్ని, ట్రాక్టర్లని రానివ్వడం లేదు. నువ్వూ నేనూ సర్వీసు రోడ్డులో మేకల వెనకాల వెళ్లాలి.

మా రైడింగ్ గ్రూపు తమ్ముళ్ల సంగతి వేరే. "బ్రో, లాక్ వేసి రెండు చేతులూ వదిలేశా, వీడియో చూడు" అంటాడు ఒకడు. నీకు కళ్లు లేవు, వాడికి ఉండీ లేవు. ఇంకొకడు డబ్బు దండగని రబ్బరు రింగు ఒకటి గ్రిప్పు పక్కన ఇరికించాడు. అది నీకంటే చవక, నీకంటే నిజాయితీపరురాలు కూడా. పెట్టె మీద అబద్ధాలు రాయలేదు.

నీ పెట్టెలో ఉన్న కాగితం సంగతి చెప్పాలి. నాలుగు బొమ్మలు, ఒక బాణం గుర్తు, నవ్వుతున్న ఒక ముఖం. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు నిన్ను బిగించి, లాక్ వేయకుండా యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి వదిలితే చప్పుడు చేస్తూ మూసుకోవాలనీ, హ్యాండిలు ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పినా అలాగే మూసుకోవాలనీ ఒక్క ముక్క రాశారా? లాక్ వేసి ఉన్నా చేత్తో తెరవగలగాలి, చేత్తో మూయగలగాలి, అలా జరగకపోతే బిగింపు తగ్గించు, లేదా విప్పి పారెయ్ అని రాశారా? చెయ్యి గ్రిప్పు మీదే ఉండాలి, రెండు వేళ్లు బ్రేకు మీద ఉండాలి, వానలో, మలుపుల్లో, ఘాట్ రోడ్డులో, వెనక మనిషి కూర్చున్నప్పుడు, బండ్లు దగ్గరగా ఉన్నప్పుడు నిన్ను ముట్టుకోవద్దని రాశారా? ఎర్ర స్విచ్చు ఎక్కడుందో చూడకుండా అందుకోవడం ముందే అలవాటు చేసుకోమన్నారా? గ్లౌజు వేసుకుంటే కొమ్ముకు తగులుతుందేమో చూసుకోమన్నారా? స్టార్ ఇచ్చి రివ్యూ రాస్తే తర్వాతి కొనుగోలుకు తగ్గింపు అని మాత్రం మూడు భాషల్లో రాశారు. మూడింటిలోనూ తప్పులున్నాయి.

తిరిగి పంపిద్దామంటే గడువు దాటిందన్నారు. ఫోటో పంపమన్నారు. పంపాను. ఇది వాడిన వస్తువు అన్నారు. వాడకుండా చెడిపోతుందా అని అడిగితే చాట్ ముగిసింది.

ఇంత తిట్టాక కూడా ఒక మాట ఒప్పుకోవాలి. పెనుకొండ దాటాక రోడ్డు తిన్నగా సాగి, ముందూ వెనకా ఎవరూ లేని ఒక సాయంత్రం, నువ్వు అప్పటికి ఇంకా కరగలేదు, నిన్ను వేసి అరచెయ్యి గ్రిప్పు మీద ఆనించి వేళ్లు ఒక్కొక్కటీ చాపాను. మణికట్టు విరిచాను. నడిమివేల్లో చచ్చిన రక్తం మళ్లీ కదిలింది. సూదులు గుచ్చినట్టు మొదలై, తర్వాత హాయిగా. ఒక నిమిషం కూడా లేదు. మళ్లీ చెయ్యి తిప్పితే నువ్వు బుద్ధిగా జారిపోయావు. ఆ నిమిషం కోసం నీకు ఎంతైనా ఇచ్చేవాణ్ని, నిజంగా. అందుకే ఇంత కోపం. పనికిమాలిన వస్తువైతే లేఖ ఎందుకు రాస్తాను, చెత్తబుట్టలో వేసి ఊరుకునేవాణ్ని.

ఈలోగా నీ పని ఇంకోళ్లు చూసుకుంటున్నారు. చిక్కబళ్లాపురంలో ఒక టీ, కొడికొండ దాటాక ఒక టీ. గ్రిప్పును పీక పిసికినంత గట్టిగా పట్టుకోవడం మానితే సగం తిమ్మిరి రావడమే లేదు. హ్యాండిలు కాస్త పైకి తిప్పి బిగించమంటే మెకానిక్ డబ్బు కూడా తీసుకోలేదు.

నీ వారసుణ్ని మాత్రం ఆన్‌లైన్లో కొనను. బండ్ల సామాన్లు అమ్మే జేసీ రోడ్డులో కొంటాను, ఎండలో, దుకాణం బయట నిలబెట్టిన నా బండికే బిగించి చూస్తాను. పూర్తిగా తిప్పి వదులుతాను. మూసుకోవాలి. లాక్ వేసి తిప్పుతాను. జారాలి. కొమ్ము బ్రేకు లివరు జోలికి వెళ్లకూడదు, హ్యాండిలు చివర బిగించే ఇనప రకాలు ఉంటాయి, వాటిలోనే చూస్తాను. దుకాణం అన్న విసుక్కుంటాడు. విసుక్కోనీ.

ఇట్లు,
ఇంకా పూర్తిగా తిమ్మిరి వదలని
కుడి మణికట్టు యజమాని

తా.క.: నీతోపాటు పెట్టెలో ఉచితంగా వచ్చిన అరచేతి పలక గురించి రాయడం మరిచాను. గ్రిప్పుకు తొడిగితే అరచెయ్యి దాని మీద ఆనించుకోవచ్చు, లాక్ చేయదు, మర్యాదగానే ఉంది అనుకున్నాను. మారతహళ్లి బ్రిడ్జి కింద స్పీడ్ బ్రేకర్ మీద చెయ్యి దాని మీద పడి బండి ముందుకు ఎగిరింది. ముందున్న ఆటో అన్న దిగి వచ్చి కన్నడలో చాలాసేపు మాట్లాడాడు. ఆ పలకకు వేరే లేఖ రాస్తాను.