‘ఏసీ కొంచెం పెంచండి’ అను మహావాక్య విచారణ

‘ఏసీ కొంచెం పెంచండి’ అనే మాటను శిక్షార్హమైన నేరంగా ప్రకటించేదాకా ఈ వ్యాసకర్త ఊరుకోడు. దొంగతనాలూ దోపిడీల సంగతి ఆ తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

మూడే పదాలు. అన్నవాళ్లకు అర్థం స్పష్టం. విన్నవాళ్లకూ స్పష్టమే. ఆ రెండు అర్థాలూ ఒకటి కాకపోవడమే చిక్కు. పెంచాల్సింది అంకెనా, చల్లదనాన్నా? అంకె పెంచితే చలి తగ్గుతుంది. చలి పెంచాలంటే అంకె తగ్గించాలి. వ్యాకరణం ప్రకారం చూస్తే ఈ వాక్యంలో కర్మ లోపించింది. లోపించిన కర్మ ఎక్కడికీ పోదు కదా, గదిలో కూర్చున్నవాళ్లు అనుభవిస్తారు.

ఈ విషయమై లోకంలో రెండు సంప్రదాయాలున్నాయి. పెంచడమంటే రిమోట్ మీద కనిపించే అంకెను పెంచడమే, కనిపించనిదాన్ని పెంచడం అసంభవం అనేది అంకెవాదుల పక్షం. ఏసీ పుట్టిందే చల్లబరచడానికి కాబట్టి ఏసీని పెంచడమంటే చలిని పెంచడమే అనేది శీతవాదుల సిద్ధాంతం. రెంటికీ మధ్య ‘కొంచెం చూసి పెట్టండి’ అనే సమన్వయవాదులు కూడా ఉన్నారు. వీళ్లతో చాలా జాగ్రత్తగా ఉండాలి. ఎంత పెట్టినా వీళ్లు అడిగింది అది కాదు.

ఒక మీటింగ్ గదిని ఊహించుకోండి. ఊహించుకోనక్కర్లేదు, మీరు అందులోంచే ఇప్పుడు వచ్చుంటారు. రిమోట్ కొత్తగా చేరిన కుర్రాడి చేతిలో ఉంటుంది, ఎందుకంటే అనుభవం ఉన్నవాళ్లెవరూ దాన్ని ముట్టుకోరు. ఏసీకి ఎదురుగా కూర్చున్న పెద్దాయన ‘బాబూ, ఏసీ కొంచెం పెంచు’ అంటాడు. కుర్రాడిది శీత సంప్రదాయం. 22ని 20 చేస్తాడు. పెద్దాయన మెడ దగ్గర బొత్తాం పెట్టుకుని ‘పెంచమన్నాను కదయ్యా’ అంటాడు. ‘పెంచాను సార్.’ ‘అయితే ఇంకొంచెం పెంచు.’ 18. పెద్దాయన చేతులు చంకల్లో దోపుకుంటాడు. ఇంతలో మూలనున్న మేడమ్ శాలువా కప్పుకుంటూ ‘ఎవరండీ పెంచింది? తగ్గించండి’ అంటుంది.

ఇక్కడ కుర్రాడు ఆలోచనలో పడతాడు. తెలివైనవాడు, అందుకే ఉద్యోగం వచ్చింది. సార్ పెంచమన్నారు, పెంచితే వణికారు. అంటే సార్ అంకెవాది అయ్యుండాలి. ఈ ఆఫీసులో అందరూ అంకెవాదులే కాబోలు. పెద్దల మతమే మన మతం అనుకుని అక్కడికక్కడే సంప్రదాయం మార్చుకుంటాడు. మేడమ్ తగ్గించమన్నారు కాబట్టి అంకె తగ్గిస్తాడు. 16. మేడమ్ శీతవాది.

నోట్లోంచి ఆవిరి రావడం ఒక్కటే తక్కువ. ‘ఏసీ అసలు తీసెయ్యండి బాబూ’ అని ఎవరో అరుస్తారు. తలుపు దగ్గరున్నాయన లేచి తలుపు తీస్తాడు. ఆయన తప్పేం లేదు. తలుపు తియ్యడమంటే తెరవడం, ఏసీ తియ్యడమంటే ఆపడం, ఆయనకు మొదటి మాట వినపడలేదు. కుర్రాడు మాత్రం ఏసీ తీసేస్తాడు. పది నిమిషాలకు ఉక్కపోసి ‘ఎవరు తీశారు, మళ్లీ పెట్టండి’ అంటారు. ‘ఎంతలో పెట్టమంటారు సార్?’ అని అడుగుతాడు పాపం. ‘నార్మల్‌గా పెట్టు’ అంటారు. ఆ మీటింగ్ అజెండా ఏమిటంటే, సిబ్బంది మధ్య స్పష్టమైన సమాచార మార్పిడి.

‘ఇరవై నాలుగు చెయ్యండి’ అంటే సరిపోయేదానికి ఇంత రభస దేనికని మీరు అడగొచ్చు. అంకె చెప్పాక తప్పించుకోవడం కుదరదండీ. గది చల్లబడకపోతే 24 అన్నది మీరేనని అందరికీ గుర్తుంటుంది. పెంచమన్నవాడు మాత్రం ‘నేను అలా పెంచమనలేదు’ అని చివరిదాకా అనొచ్చు. అధికారంలో ఉన్నవాళ్లు ఎప్పుడూ అంకె ఎందుకు చెప్పరో ఆలోచించండి.

ఈ మహావాక్యానికి ఉపవాక్యాలు బోలెడు. ‘16లో పెడితే తొందరగా చల్లబడుతుంది’ అన్నది ఒకటి. మామూలు ఏసీలో ఆ అంకె వేగం కాదు, ఎక్కడ ఆగాలో చెప్పే హద్దు. 24లో పెట్టినా, 16లో పెట్టినా కంప్రెసర్ ఒకే బలంతో పనిచేస్తుంది. 16 అంటే అది ఆగదు, అంతే. అప్పుడు మీరు దుప్పటి కప్పుకుంటారు. ఇక ‘ఇన్వర్టర్ ఏసీ’ కొన్న పుణ్యాత్ముడు కరెంటు పోగానే రిమోట్ నొక్కుతూ కూర్చుంటాడు. కంప్రెసర్ వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చే సర్క్యూట్‌కు ఆ పేరు పెట్టారనీ, బ్యాటరీకీ దానికీ సంబంధం లేదనీ అమ్మినవాడు చెప్పలేదు. చెబితే అమ్ముడుపోదేమో. ‘ఒకటిన్నర టన్నుల ఏసీని ఈ గోడ మోస్తుందా’ అని అడిగే ఇంటి యజమానిని చూసి నవ్వకండి. ఆ టన్ను ఒకప్పుడు నిజంగా బరువే. 2,000 పౌండ్ల మంచుగడ్డ 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో, అంత వేడిని లాగే శక్తిని ఒక టన్ను అన్నారు. అంటే దాదాపు 3.5 కిలోవాట్లు. మంచుగడ్డలు పోయాయి, గోడ మీద బెంగ మిగిలింది.

‘గ్యాస్ అయిపోయిందండీ’ అనే మాట మీద మాత్రం నాకు వ్యక్తిగత కక్ష ఉంది. ఏసీలో గ్యాస్ అయిపోదు. అది పొయ్యిలో మండే గ్యాస్ కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకైందని అర్థం. లీకు వెతక్కుండా, అతకకుండా కొత్త గ్యాస్ నింపి డబ్బులు తీసుకుని, వచ్చే ఎండాకాలం మళ్లీ అదే మాట చెప్పడాన్ని సర్వీసింగ్ అంటున్నారు. కొన్ని ఏసీల్లో ఉండే ఆర్-410ఏ అనే గ్యాస్ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే రెండు వేల రెట్లకు పైగా ఘనాపాఠీ. ఇలాంటి గ్యాసుల వాడకం తగ్గించుకుందామని 2016లో దేశాలన్నీ రువాండా రాజధాని కిగాలీలో కూర్చుని ఒప్పందం చేసుకున్నాయి. మన మెకానిక్ మాత్రం గొట్టం బిగిస్తూ, ‘ఈ ఏడు ఎండలు మరీ ఎక్కువగా ఉన్నాయి సార్’ అంటాడు.

అన్నిటికన్నా పెద్ద అబద్ధం ‘ఏసీ చల్లదనాన్నిస్తుంది’ అన్నది. ఏసీ ఏమీ ఇవ్వదు. బావిలోంచి నీళ్లు తోడినట్టు గదిలోని వేడిని తోడి వీధిలో పారబోస్తుంది. తోడినందుకు ఖర్చయిన కరెంటు కూడా వేడిగా మారి దానికి తోడవుతుంది. లోపల ఎంత చల్లబడితే బయట అంతకంటే ఎక్కువ వేడెక్కుతుంది. ‘బయట ఏం ఎండలండీ బాబూ’ అని మనం లోపల ఆశ్చర్యపోతుంటాం. బయటి మిషను కింద స్టూలు వేసుకుని కూర్చున్న వాచ్‌మన్‌కు ఆ ఆశ్చర్యం ఉండదు, మనం పారబోసింది ఆయన నెత్తినే పడుతుంది కాబట్టి.

1902లో విల్లిస్ క్యారియర్ అనే అమెరికా ఇంజినీరు న్యూయార్క్‌లో బ్రూక్లిన్ అనే చోట ఉన్న ఒక ప్రింటింగ్ ప్రెస్ కోసం తొలి ఆధునిక ఏసీని రూపొందించింది కూడా మనుషుల కోసం కాదు. తేమకు కాగితం ఉబ్బి, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడటం లేదని. అక్కడ చెమటోడ్చిన మనుషులది ఫిర్యాదు కాలేదు, కాగితానిది అయింది. వాతావరణ బులెటిన్‌లో చెప్పే 42 డిగ్రీల సంగతి చూడండి. దాన్ని కొలిచే థర్మామీటరు తెల్ల రంగు వేసిన చెక్కపెట్టెలో, గాలి ఆడే పలకల మధ్య, నీడలో ఉంటుంది. 19వ శతాబ్దంలో థామస్ స్టీవెన్సన్ అనే ఇంజినీరు దానికి ఆ పెట్టె తయారుచేసి పెట్టాడు. శాస్త్రానికి అది అవసరమే, కాదనను. కానీ ఆ 42 పెట్టెలో ఉన్న థర్మామీటరుది. తారు మరుగుతున్న రోడ్డు మీద పార పట్టుకున్నవాడిది కాదు. వాడికి ఏ పెట్టే లేదు.

వాడికి సలహా ఉంది. ‘అత్యవసరమైతే తప్ప మధ్యాహ్నం బయటకు రావద్దు.’ ఎవరి అత్యవసరం? ఆ సలహా పాటిస్తూ ఇంట్లో కూర్చున్నవాళ్లకు భోజనం తెచ్చే కుర్రాడిదా? పది నిమిషాలు ఆలస్యమైతే వాడికి స్టార్లు కోసేది ఆ ఇంట్లోనే కదా!

వాడి గురించి ఎవరైనా మాటెత్తితే వెంటనే వచ్చే జవాబు మరొకటుంది. ‘వాళ్లకు అలవాటేలెండి.’ ఇంతకంటే నీచమైన వాక్యం నేను వినలేదు. అవును, ఒంటికి ఎండ అలవాటవుతుంది. ఒకటి రెండు వారాలు పడుతుంది. అలవాటైన ఒళ్లు చేసేదేమిటో తెలుసా? ముందే చెమట పోస్తుంది, ఎక్కువ పోస్తుంది. అంటే వాళ్లకు మనకంటే ఎక్కువ నీళ్లు కావాలి, తక్కువ కాదు! ఆ చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ నిండితే అదీ ఆరదు. లోపలి వేడి 40 డిగ్రీలు దాటి మనిషికి మతి తప్పితే అది వడదెబ్బ. ప్రాణం మీదికొచ్చే ఆ గడియలో అలవాటు ఎవరికీ అడ్డం పడదు. పోయాక కాగితం మీద గుండె ఆగిందని రాస్తారు. ఎవరి గుండైనా చివరికి ఆగేది ఆగడమే కదా, ఎందుకు ఆగిందో రాయడానికి చెయ్యి రాదు.

పోనీ ఏసీ బిగించడానికి వచ్చినవాళ్లనే చూడండి. నడినెత్తిన ఎండ. బయటి గోడకు తాడు కట్టుకుని ఒకడు వేలాడుతుంటాడు, ఇంకొకడు కిటికీలోంచి అంత బరువూ అందిస్తుంటాడు. గదిలో ఫ్యాన్ కింద కూర్చున్నవాళ్లు ‘ఇంకా ఎంతసేపయ్యా, ఇక్కడ ఉడికిపోతున్నాం’ అంటారు. వేలాడుతున్నవాడితో! పనయ్యాక వాడు లోపలికొచ్చి, ముఖం భుజానికి తుడుచుకుని, కాసిని మంచినీళ్లు అడుగుతాడు. ఫ్రిజ్ నాలుగడుగుల దూరంలోనే ఉంటుంది. ‘ఎండలోంచి వచ్చినవాళ్లు ఒక్కసారిగా చల్లనీళ్లు తాగకూడదు బాబూ, ఆరోగ్యం పాడవుతుంది’ అని కుళాయి వైపు చూపిస్తారు. ఆ మనిషి ఆరోగ్యం గురించి ఆ ఇంట్లో పొద్దుట్నుంచీ జరిగిన మొదటి చర్చ అది.