కాపలా కాసిన వంద రోజులు

అమెరికా అంతర్యుద్ధం అనగానే గెటిస్‌బర్గ్ పోరు పేరు నోటికొస్తుంది. 1864 వేసవిలో వంద రోజుల కోసం తుపాకీ పట్టి, రైలు వంతెన పక్కనో, మట్టికోట గోడ మీదో, యుద్ధఖైదీల శిబిరం ముందో పహరా కాసి ఇంటికి వెళ్లిన కాల్బల రెజిమెంట్లను తలచుకునేవారు తక్కువ. చరిత్ర వాళ్లకు ఇచ్చిన చోటు మరీ ఇరుకుగా ఉందని మేం భావిస్తున్నాం.

ఆ వసంతంలో ఉత్తరాది సేనానులు దక్షిణాది తిరుగుబాటు రాష్ట్రాల మీదికి, గ్రాంట్ వర్జీనియాకు, షెర్మన్ జార్జియాకు, బయల్దేరబోతున్నారు. యుద్ధంలో రాటుదేలిన సిపాయిలేమో వేల సంఖ్యలో గిడ్డంగులకూ, రైలుమార్గాలకూ, రాజధాని చుట్టూ ఉన్న కోటలకూ కాపలాగా ఉండిపోయారు. వాళ్ల స్థానంలో నిలబడటానికి 85,000 మందిని ఇస్తామని ఒహాయో, ఇండియానా, ఇల్లినాయ్, అయోవా, విస్కాన్సిన్ గవర్నర్లు ముందుకొచ్చారు. ఏప్రిల్ 23న లింకన్ సరేనన్నాడు. షరతులు మాత్రం బిగువైనవి. చేరినందుకు నజరానా ఉండదు. ఈ సేవ రాష్ట్రాల నిర్బంధ సైనిక సేకరణ కోటాలో జమకాదు. తర్వాత ఎవరికైనా ఆ నిర్బంధ సేకరణలో పేరొస్తే, చేయాల్సిన సేవలోంచి ఈ వంద రోజులు తగ్గిస్తారు, అంతే. అయినా ఒక్క ఒహాయో నుంచే 35,000 మంది వరకూ కదిలారు. వాళ్లను పిలిచింది మే నెలలో, పొలంలో విత్తనం పడాల్సిన అదునులో. ఆ సంగతి మరిచిపోతే ఈ సేవ బరువు తెలియదు.

కాపలా అంటే సుఖమైన కొలువని అప్పట్లోనూ చాలామంది అనుకున్నారు. జులై 9న మేరీలాండ్‌లోని మొనోకసీ నది దగ్గర జరిగింది చూడండి. జూబల్ ఎర్లీ నడిపిస్తున్న దాదాపు 14,000 మంది దక్షిణాది సేన వాషింగ్టన్ వైపు దూసుకొస్తోంది. అడ్డంగా నిలిచిన ఉత్తరాది సేనాని లూ వాలెస్ దగ్గర 6,000 మందైనా లేరు. బాల్టిమోర్ రహదారి మీది రాతి వంతెన అతని సైనిక వరుసకు కుడి కొస. వంతెన చివర కూజా ఆకారంలో చెక్కిన పెద్ద రాయి ఉండేది కాబట్టి దాన్ని జగ్ బ్రిడ్జ్ అనేవారు. దాన్ని నిలబెట్టే పని 149వ, 144వ ఒహాయో దళాల మీద పడింది. యూనిఫాం తొడుక్కుని రెండు నెలలు దాటిందో లేదో! మిగతా సైన్యం వెనక్కి తగ్గాక కూడా, తప్పుకునే దారి మూసుకుపోకుండా ఆ వంతెన దగ్గర వాళ్లు పట్టు వదల్లేదు. వాలెస్ ఓడాడు, కానీ ఎర్లీకి ఒక రోజు పోయింది. ఆ ఒక్క రోజులో గ్రాంట్ పంపిన ఆరో కోర్ అనే పెద్ద సైనిక విభాగపు బలగాలు రాజధానికి చేరుకున్నాయి.

అన్నిచోట్లా ఇలా జరగలేదు. జూన్‌లో కెంటకీలోని సింథియానా దగ్గర దక్షిణాది సేనాని జాన్ హంట్ మోర్గాన్ రౌతులకు 171వ ఒహాయో రెజిమెంట్ లొంగిపోయింది. ఆగస్టు 21 తెల్లవారుజామున పొగమంచులో మరో దక్షిణాది సేనాని ఫారెస్ట్ టెనెసీలోని మెంఫిస్ మీద పడినప్పుడు, ఊరి అంచున పహరాలో ఉన్న 137వ ఇల్లినాయ్ రెజిమెంట్ మొదటి దెబ్బ తింది. కొద్ది వారాల కవాతుతో వీళ్లను శత్రు రౌతుల దారిలో నిలిపిన తప్పు పైవాళ్లది. ఆ నిందను సిపాయిల మీదికి తోయడం అన్యాయం.

తూటా కన్నా జ్వరం ఎక్కువమందిని తీసుకుపోయింది. ఆ యుద్ధంలో ఉత్తరాది సైన్యపు మరణాల్లో మూడింట రెండు వంతులకు దగ్గరగా రోగాల వల్లే. విరేచనాలు, టైఫాయిడ్, మలేరియా వంద రోజులవాడని ఎవరినీ వదల్లేదు. ఏ యుద్ధం పేరూ లేని వేసవిలో, ఒక్క గుండూ పేల్చకుండానే బిడ్డను పోగొట్టుకున్న ఇళ్లున్నాయి. వాళ్లది వీరమరణం కాదని ఏ కొలతతో అంటాం?

ఆగస్టు 22న, ఇంటిముఖం పట్టిన 166వ ఒహాయో రెజిమెంట్ శ్వేతసౌధం ముందు ఆగింది. వేసవంతా వాషింగ్టన్ కోటల్లో కాపలా కాసినవాళ్లు. ఈ పెద్ద ఇంట్లో నేను కొద్దికాలం ఉండటానికి వచ్చినవాణ్ణి, మా నాన్న బిడ్డ వచ్చినట్టే మీ బిడ్డల్లో ఎవరైనా ఇక్కడికి రావచ్చు అన్నాడు లింకన్ వాళ్లతో. సెప్టెంబర్‌లో ఒహాయో దళాలకు కృతజ్ఞత చెబుతూ వెలువరించిన ఉత్తర్వులో మొనోకసీ పోరుతో పాటు వాషింగ్టన్ కందకాలనూ ఒకే వరుసలో చేర్చాడు.