పయనీర్‌ను వెనక్కి లాగింది దాని వేడే

1972లో పయనీర్ 10, మరుసటి ఏడాది పయనీర్ 11 నింగికెగిశాయి. సౌరకుటుంబపు అంచుల వైపు సాగుతున్న ఆ వ్యోమనౌకలు లెక్క ప్రకారం చేరవలసిన చోటుకు కాస్త ఇవతలే ఉంటున్నాయని, వాటి రేడియో సంకేతాల డాప్లర్ మార్పును (నౌక వేగాన్ని బట్టి సంకేతపు పౌనఃపున్యంలో వచ్చే తేడాను) శోధించిన జాన్ ఆండర్సన్ బృందం 1998లో ప్రకటించింది. సూర్యుడి దిశగా పనిచేస్తున్న ఆ అదనపు త్వరణం, భూమ్యాకర్షణ త్వరణంలో వెయ్యి కోట్లవ వంతు కూడా లేదు. అయినా విడవకుండా పనిచేసే బలాన్ని తేలిగ్గా తీసుకోలేం: తొలి ఏడాదిలో సుమారు 430 కిలోమీటర్లుండే తేడా, 30 ఏళ్లకు 3.9 లక్షల కిలోమీటర్లవుతుంది. మనకూ చందమామకూ ఉన్నంత దూరమది.

గురుత్వ సిద్ధాంతాన్నే సవరించాలన్న ప్రతిపాదనలు అప్పట్లో వెల్లువెత్తాయి. ఇంటి పద్దు తేలకముందే ఊరి పద్దు తిరగరాయబోయినట్టుంది ఆ తొందర.

కాంతిలాగే వేడి కిరణాలూ ద్రవ్యవేగాన్ని, అంటే కాస్త తోపును, మోసుకుపోతాయి. అవి అన్ని దిక్కులకూ సమానంగా వెళ్లకపోతే నౌక ఎదురు దిక్కుకు జరుగుతుంది. పయనీర్‌లో 2.74 మీటర్ల యాంటెన్నా పళ్లెం భూమి వైపు చూస్తుంటే, పరికరాల పెట్టె దాని వీపున ఉండి, లోపలి వేడిని సూర్యుడికి పెడగా వదిలేది. రేడియోధార్మిక పదార్థమైన ప్లుటోనియం-238తో నడిచే విద్యుత్ జనకాల వేడిలో కొంత పళ్లెం వీపుకు తగిలి అటే మళ్లేది. ఆ జనకాల మొత్తం వేడి మొదట్లో దాదాపు 2,500 వాట్లు. అందులో 65 వాట్లు ఒకే దిక్కుకు పోతే చాలు. దాన్ని కాంతివేగంతో, ఆపై సుమారు 250 కిలోల నౌక ద్రవ్యరాశితో భాగించి చూడండి, ఆ త్వరణమే వస్తుంది.

వేడిని ఆండర్సన్ బృందం పట్టించుకోలేదనడం అన్యాయం. ప్లుటోనియం 87.7 ఏళ్లకు సగమవుతుంది కనుక, వేడే కారణమైతే త్వరణం ఏటా తగ్గాలి; వారి దగ్గరున్న కొలతల్లో అది స్థిరంగా కనిపించింది. పాత టేపుల నుంచి మరిన్నేళ్ల సమాచారాన్ని వెలికితీసిన స్లావా తురిషెవ్ బృందానికి ఆ తగ్గుదల కనిపించింది. నౌక పంపిన ఉష్ణోగ్రత, విద్యుత్ వివరాలతో వేడి నమూనా కట్టి, కొలతల అనిశ్చితిని మించిన మిగులేదీ లేదని 2012లో ఆ బృందం తేల్చింది.

ఇంతటి సూక్ష్మ బలం బయటపడటానికి పయనీర్ నిర్మాణమే కారణం. తన చుట్టూ తాను తిరుగుతూ నిలకడగా ఉండే నౌక కావడంతో దిశ సరిచేసే ఇంజన్లను అరుదుగానే మండించేవారు. అలా తిరగని వాయేజర్ వ్యోమనౌకల్లో తరచూ మండే ఇంజన్ల కుదుపుల్లో ఇది కలిసిపోయేది. నేడు జీపీఎస్ ఉపగ్రహాల కక్ష్యలు కచ్చితంగా లెక్కగట్టేటప్పుడు కూడా, సూర్యకాంతి ఒత్తిడితోపాటు అవి వెదజల్లే వేడి తోపునూ లెక్కలో కలుపుకోక తప్పడం లేదు.