20 డిగ్రీల తపస్సు

మూడు నెలల కిందట నాకు తెలిసిన ఒక పెద్దమనిషి, 20 ఏళ్ల విరామం తరువాత, ఇంట్లోనే నలుపు తెలుపు ఫిలిం కడగడం తిరిగి మొదలుపెట్టారు. అందులో నాకు అభ్యంతరం లేదు. ఇంట్లో మిగిలినవారు ఊరుకున్నంతకాలం, తన స్నానాలగదిని ఏ పనికి వాడుకోవాలో నిర్ణయించుకునే హక్కు ఎవరికైనా ఉంటుంది. నా అభ్యంతరమంతా మొదటి రీలు ఆరకముందే ఆయన చేసిన ఒక ప్రకటన మీద. “ఫిలిం నాకు ఓర్పు నేర్పింది” అన్నారు. ఈ వాక్యం మీరూ వినే ఉంటారు. పాత కెమెరా కొన్న ప్రతివారికీ తోలు పట్టీతో పాటు దీన్ని కూడా సంచిలో పెట్టి పంపుతారని నా అనుమానం.

ఈ ఓర్పు ఎంతటిదో లెక్క చూడడం నా ధర్మమనిపించి చూశాను. ఇల్ఫర్డ్ కంపెనీ వారి హెచ్‌పీ5 ప్లస్ ఫిలింను, బొమ్మను పైకి తేల్చే ఐడీ-11 అనే డెవలపర్ మందులో, సగానికి సగం నీళ్లు కలిపి, 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర కడిగితే పట్టేది 13 నిమిషాలు. ఆ తరువాత డెవలపర్ పనిని ఆపే స్టాప్ బాత్‌కు కొన్ని సెకన్లు, బొమ్మ వెలుగుకు చెరగకుండా నిలబెట్టే ఫిక్సర్‌కు ఐదు నిమిషాలు, నీళ్లకు మరో పది. అంతా కలిపి అరగంట. క్షౌరశాలలో మన వంతు రావడానికి ఇంతకంటే ఎక్కువసేపే పడుతుంది. అయినా అక్కడి నుండి ఋషిగా మారి ఇంటికి తిరిగి వచ్చినవాడిని నేను ఇంతవరకు చూడలేదు.

20 డిగ్రీల సంగతి వేరుగా చెప్పుకోవాలి. ఆ అంకె కోసం ఆయన మందు సీసాలను ఐసు ముక్కల మధ్య కూర్చోబెట్టి, థర్మామీటరు ఎదుట చేతులు కట్టుకుని నిలబడతారు. 21కి ఎక్కితే ఒక ముక్క వేస్తారు, 19కి దిగితే ఒక ముక్క తీస్తారు. సమయం కొద్దిగా తగ్గించుకుంటే 21 దగ్గర కూడా ఫిలిం చక్కగానే వస్తుందని, అందుకు తయారీదారులే పట్టికలు అచ్చువేసి ఇచ్చారని మనవి చేశాను. ఆయన నన్ను క్షమించారు.

ఇక ఆ మహాయజ్ఞానికి నన్నూ పిలిచిన రోజు గురించి. స్నానాలగది తలుపు కింది సందులో రెండు తువ్వాళ్లు కుక్కి, కిటికీకి నల్లగుడ్డ కట్టి, గోడకు ఒక ఎర్రదీపం అమర్చారు. సినిమాల్లో ఫొటోగ్రాఫరు ఎర్రటి వెలుగులో ముఖం గంభీరంగా పెట్టుకుని నిలబడే దృశ్యం ఆయన మనసులో ఉందన్నమాట. ఎర్రదీపాన్ని ఓర్చుకునేది ఫొటోలు అచ్చువేసే కాగితమే గాని, అన్ని రంగుల వెలుగునూ పట్టే పాంక్రొమాటిక్ ఫిలిం ఎరుపును కూడా చూస్తుందని, దాన్ని ప్లాస్టిక్ రీలుకు ఎక్కించి, వెలుగు చొరబడని ట్యాంకులో పెట్టి మూత బిగించేవరకు కటిక చీకటి తప్పదని చెప్పగానే ఆయన ముఖం వాడిపోయింది. తాను ఎర్రటి వెలుగులో పనిచేస్తుండగా ఫొటో తీయడానికే నన్ను పిలిచారని అప్పుడు అర్థమైంది. చీకట్లో తపస్సు చేస్తే చూసేవారెవరు?

సరే, దీపం ఆర్పారు. 36 ఫొటోల ఫిలిం మీటరున్నర పైన పొడవుంటుంది. దాన్ని చేత్తో తడుముకుంటూ ప్లాస్టిక్ రీలు గాడిలోకి ఎక్కించాలి, రీలులో ఏ మూల కాస్త తడి ఉన్నా అది మొరాయిస్తుంది. మొరాయించింది. ఓర్పు నేర్చుకున్న ఆ నోటి నుండి ఆ చీకట్లో వెలువడిన మాటలను ఇక్కడ రాయలేను. ఈలోగా బయటి నుండి ఆయన తల్లిగారు తలుపు తట్టి “ఇంకా ఎంతసేపురా?” అన్నారు, కుమారుడు తట్టి అదే అడిగాడు, మూడోసారి ఎవరో ఏమీ అడగకుండా కేవలం తట్టారు. లోపల ఫిలిం జారి నేలమీద పడింది. ఇద్దరమూ మోకాళ్లమీద వంగి దాన్ని వెతుకుతూ తలలు ఢీకొట్టుకున్నాము. సరిగ్గా అది చేతికి దొరికిన క్షణాన, తెరల బానిసత్వం నుండి విముక్తి పొందానని వారం రోజులుగా చెబుతున్న ఆ మహానుభావుడి మణికట్టు మీద స్మార్ట్ వాచీ పచ్చగా వెలిగింది. పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకుని వెళ్లడమంటే ఇదే. “ఒక్క నిమిషం ఆగి గాఢంగా శ్వాస తీసుకోండి” అని ఆ వాచీ సలహా ఇచ్చింది. ఆయన తీసుకున్నారు కూడా. తీసుకున్నంతసేపూ అది వెలుగుతూనే ఉంది.

ఆ వెలుగు పడిన మేర ఫిలిం నల్లబడిందని, ఫొటోలో అది తెల్లటి మబ్బుగా కనిపిస్తుందని వేరే చెప్పనక్కరలేదు. దాన్ని ఆయన “ఫిలింకు మాత్రమే ఉండే ఆత్మ” అని వర్ణించారు.

మేము రీళ్లు కడిగిన రోజుల్లో మాకు ఓర్పు లేదు. ఉన్నదల్లా ఆత్రం. ఫిక్సర్‌లో పడిన రెండు నిమిషాలకే మూత తీసి, ఇంకా పాలపొర వీడని ఫిలింను దీపానికి ఎత్తిపట్టి చూసి, మళ్లీ లోపల పడేసేవాళ్లం. ఆగలేకపోయేవాళ్లం కాబట్టే కడిగేవాళ్లం. ఆగగలిగినవాళ్లు స్టూడియోకు ఇచ్చి వారం తరువాత తెచ్చుకునేవారు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. ఆ తరువాత జరిగింది మాత్రం నాకు నవ్వు తెప్పించలేదు. ఆరిన ఫిలింను ఆయన ముక్కలుగా కోసి, వెలుగు పలక మీద పెట్టి, ఫోన్‌తో ఫొటో తీసి, నలుపు తెలుపులను తారుమారు చేసి, ధూళి మచ్చలను చెరిపి, నలుగురికీ పంపించారు. పంపించి, నెగటివ్‌లను, అంటే ఆ ఫిలిం ముక్కలనే, ఉండచుట్టి చెత్తబుట్టలో వేశారు. “స్కాన్ అయిపోయింది కదా” అన్నారు.

అయ్యా, 1802లో వెడ్జ్‌వుడ్, డేవీ అనే ఇద్దరు వెండి లవణం పూసిన కాగితం మీద ఆకుల నీడలను పట్టుకోగలిగారు, నిలబెట్టలేకపోయారు. వెలుగులోకి తెస్తే బొమ్మ నల్లబడిపోయేది కనుక కొవ్వొత్తి ముందు దొంగచాటుగా చూసుకోవలసి వచ్చేది. ఫిక్సర్‌గా వాడే హైపో అనే మందు వెండి లవణాలను కరిగిస్తుందని హెర్షెల్ అనే శాస్త్రవేత్త 1819లోనే కనిపెట్టినా, అది ఫొటోలకు పనికివచ్చింది 1839లో. ఒక్క బొమ్మ వెలుగులో చెరగకుండా నిలవడం కోసం మనుషులు 37 ఏళ్లు తల బద్దలుకొట్టుకున్నారు. సరిగ్గా ఫిక్స్ చేసి, హైపో మిగలకుండా కడిగిన నెగటివ్ మీ మనవల కాలానికి కూడా ఉంటుంది. దాన్ని చదవడానికి ఏ రహస్య సంకేతపదమూ అక్కరలేదు, కిటికీ చాలు. ఈ పనంతా ఆ వస్తువు కోసమే. దాన్ని పారేసేవాడివి ఐసు ముక్కలెందుకు, తువ్వాళ్లెందుకు, ఆ ముసలితల్లిని గంటసేపు తలుపు బయట నిలబెట్టడమెందుకు? ఫోన్‌తోనే తీసుకుని పడుకోవచ్చు కదా!

ఆయన ఐసు పెట్టె కడగడానికి వెళ్లినప్పుడు ఆ ఫిలిం ముక్కలను చెత్తబుట్టలోంచి తీసుకున్నాను. చూడబోతే కడుగు కూడా రెండు నిమిషాలతో సరిపెట్టినట్టున్నారు. ఇంటికి తెచ్చి మళ్లీ హైపోలో ముంచి, నీళ్లు మార్చి మార్చి కడిగి, ఆరబెట్టి, కవర్లలో పెట్టాను.

నిన్న ఆయన నుండి ఫోన్ వచ్చింది. పాత ఫోన్ నీళ్లలో పడి పాడైందట. దానితో పాటు స్కాన్లన్నీ పోయాయట. మబ్బు పడని వాటిలో అమ్మ ఫొటో ఒకటి ఉండాలని, ఆ నెగటివ్‌లు పొరపాటున నా దగ్గరికేమైనా వచ్చాయా అని అడిగారు.

వచ్చాయి. కాస్త ఓర్పు పట్టమన్నాను.