కృష్ణలో గాలాలకూ ఒక లెక్క కావాలి

కరోనా మొదటి ఏడాదిలో 5 కోట్ల 47 లక్షల మంది అమెరికన్లు గాలం పట్టారని అక్కడి సర్వే తేల్చింది. అంతకుముందు ఏడాదికన్నా అది సుమారు 45 లక్షలు ఎక్కువ. ఇంగ్లండులో లాక్‌డౌన్‌తో ఆగిన గాలం వేటను 2020 మే 13న మళ్లీ అనుమతించారు, ఆ వెంటనే లైసెన్సులకు గిరాకీ పెరిగింది. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం ఫెర్రీ నుంచి సీతానగరం దాకా కృష్ణ ఒడ్డున ఏం జరిగిందని అడిగితే మాత్రం చూపించడానికి ఒక్క అంకె లేదు. సరదాకి గాలం వేసేవారిని పద్ధతిగా లెక్కపెట్టే ఏర్పాటే మనకు లేదు.

లెక్క లేనిచోట "లాక్‌డౌన్‌లో నది కోలుకుంది, చేపలు పెరిగాయి" అన్న మాట సులువుగా నిలబడిపోతుంది. ఒకసారి తేదీలు చూడండి. 2020 మార్చి 25 నుంచి మే 31 వరకు 68 రోజులు. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చేపలు గుడ్లు పెట్టేది వానలు పడి నదికి కొత్తనీరు తగిలాకే. ఏప్రిల్‌లో బతికిపోయిన తల్లి చేప జూన్‌లో, పొట్టనిండా గుడ్లతో పట్టుబడితే ఆ రెండు నెలల విరామం వల్ల నదికి ఒరిగేది సున్నా. శీలావతిలో కిలో బరువుకు లక్షకు పైనే గుడ్లుంటాయి. పైగా వేసవిలో డెల్టా కాలువలు కట్టేస్తారు. బందరు కాలువ, రైవస్ కాలువల్లో నీరు ఇంకి చేపలు గుంటల్లో చిక్కుకునే రోజులవి. అప్పుడు నాలుగు గాలాలు చేసే నష్టం నిండు నదిలో నలభై చెయ్యలేవు.

ఆ ఏడాది ఆగస్టు, అక్టోబరుల్లో కృష్ణకు పెద్ద వరదలు కూడా వచ్చాయి. వరదతో వచ్చిన చేప ఏది, మత్స్యశాఖ వదిలిన పిల్ల ఏది, లాక్‌డౌన్ కాపాడింది ఏది అని ఇప్పుడు విడదీయలేం. ముందునుంచీ రాసిపెట్టిన పుస్తకం ఒకటి ఉంటేనే అది వీలయ్యేది.

ఆ పుస్తకం పెట్టడం కష్టమేమీ కాదు. సీతానగరం వైపు ఒకటి, ఫెర్రీ వైపు ఒకటి, రెండు చోట్లు ఎంచుకోవాలి. వారంలో ఒక పనిరోజు, ఒక ఆదివారం. పొద్దున 6 నుంచి 8, సాయంత్రం 4 నుంచి 6. ఎన్ని గాలాలు ఎన్ని గంటలు నీళ్లలో ఉన్నాయో, ఎన్ని చేపలు పడ్డాయో రాస్తే చాలు. 20 గాలాలు 2 గంటలుంటే 40 గాలపు గంటలు. 6 చేపలు పడితే గంటకు 0.15. ఏమీ పడనివారిని వదిలేస్తే అంకె ఉబ్బిపోతుంది, అందరూ చేసే తప్పు ఇదే. "మామూలుగా ఎన్ని పడతాయి?" అని అడిగితే ఎవరైనా తమ మంచిరోజే చెబుతారు కాబట్టి బుట్టలో ఉన్నవే లెక్కపెట్టాలి. బొచ్చెకు మూతి నుంచి తోక చీలిక దాకా, తోక గుండ్రంగా ఉండే కొరమీనుకు చివరిదాకా కొలవాలి. ఆ రోజు ప్రకాశం బ్యారేజీ నీటిమట్టం, ఎత్తిన గేట్ల సంఖ్య పక్కనే రాయాలి. గేట్లు ఎత్తిన రోజునీ దించిన రోజునీ ఒకే గాటన కడితే లెక్క పనికిరాదు.

సెలవులకు వచ్చి గాలం వేసే మనవాళ్లకు ఇంకొక మాట. విదేశంలో అంగుళాలు కొలిచి చిన్నచేపను వదిలేసే చెయ్యి ఇక్కడా అలాగే వదలాలి. కొక్కెం లోపలి ముల్లును పట్కారుతో ముందే నొక్కేయండి. చెయ్యి తడిపి చేపను పట్టుకోండి, పొడిచేతికి దాని ఒంటి జిగురు ఊడొస్తుంది, ఆపైన పుండ్లు పడతాయి. మొప్పల్లో వేళ్లు పెట్టొద్దు. కొక్కెం మింగేస్తే లాగకండి, తంగూసును నోటి దగ్గరే కోసేయండి. కాలువలో ఎర్రటి పిల్లల గుంపు పైకొచ్చి బుడగలు వదులుతుంటే కింద కొరమీను కాపలా ఉందని అర్థం. అక్కడ గాలం వెయ్యకండి. పెద్దదాన్ని పట్టేస్తే కాపలా పోయిన ఆ పిల్లలు మిగతా చేపలకు మేతవుతాయి.

విదేశాల్లో ఉన్న మన సంఘం ఏటా ఊరికి పంపే డబ్బులో కొంత ఈ లెక్కకు కేటాయించాలని మా కోరిక. రెండు కొలబద్దలు, పుస్తకాలు, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చదివే ఇద్దరు పిల్లలకు దారిఖర్చులు, భత్యం ఇస్తే చాలు. కొత్తనీరు రాకముందే మొదలుపెట్టి కనీసం మూడేళ్లు నడపాలి. ఒక్క ఏడాది అంకెలు ఆ ఏటి వరద సంగతే చెబుతాయి.