మా కుంటలో అడ్మిషన్లు

మా పెరట్లో ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగు లోతున్న సిమెంటు కుంట ఒకటి ఉంది. జూన్ నెలాఖరుకు అందులో సుమారు మూడు వేల మంది చదువుతున్నారు.

ఈ సంఖ్య నేను ఊహించి చెప్పినది కాదు. పక్కింటి మాస్టారు లెక్కగట్టారు. కానూరు వైపు ఒక రెసిడెన్షియల్ కళాశాలలో ఇరవై రెండేళ్లు లెక్కలు చెప్పి ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఏ గుంపును చూసినా సెక్షన్లుగా విడగొట్టకుండా ఉండలేరు. మొదటి వాన పడిన మర్నాడు పొద్దున్నే గోడ మీద నుంచి తొంగి చూసి, కలువ కాడలకు నల్లపూసల దండల్లా చుట్టుకుని ఉన్న కప్పగుడ్లను కనిపెట్టారు. జానెడు దండలో ఎన్ని పూసలున్నాయో లెక్కపెట్టి, మొత్తం పొడవుతో హెచ్చవేసి, "మూడు వేలకు తక్కువ ఉండవండీ. మొదటి రోజే ఇన్ని అడ్మిషన్లు మా కళాశాలకు కూడా ఏనాడూ రాలేదు" అన్నారు. ఆ గొంతులో ఉన్నది మెచ్చుకోలో అసూయో నాకు తెలియలేదు.

బెజవాడకు దుర్గమ్మ కొండ, ప్రకాశం బ్యారేజీ ఎంత గుర్తో కార్పొరేట్ కళాశాల కూడా అంత గుర్తు. ఇక్కడ నాలుగు గదులు, ఒక ఇనుప గేటు ఉంటే చాలు, అది క్యాంపస్ అయిపోతుంది. కాబట్టి కప్పలు కూడా విద్యారంగంలోకి దిగాయంటే విడ్డూరం కాదు. ఇంత పెద్ద సంస్థను నడుపుతూ అవి ఒక్క ఫ్లెక్సీ కూడా కట్టించకపోవడమే విడ్డూరం. ఈ ఘోరమైన నిర్లక్ష్యాన్ని విద్యావేత్తల దృష్టికి తేవడం కోసమే కలం పట్టాను.

ప్రచారం బొత్తిగా లేదనీ అనలేను. వాన వెలిసిన రాత్రి ఎనిమిదింటికి మొదలై తెల్లవారుజాము దాకా సాగుతుంది. అరిచేవన్నీ మగకప్పలే. ఆడకప్ప నోరు మెదపకుండా ఒక మూల కూర్చుని అందరివీ వింటుంది, నచ్చిన గొంతు వైపు నడుస్తుంది. ఒళ్లంతా పొక్కులున్న నేలకప్పది సాగదీసిన కూత, ఊపిరి తీసుకోకుండా ర్యాంకులు చదివే రేడియో ప్రకటన లాగా. చెట్టుకప్పది ఎవరో తలుపు టకటకా తట్టినట్టు ఉంటుంది. మొదటి రాత్రి మా ఆవిడ రెండుసార్లు లేచి వెళ్లి తలుపు తీసింది కూడా.

పక్క ఖాళీ స్థలంలో నిలిచిన వాననీటిలో బోదురుకప్పలు దిగాయి. వీటి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఏడాది పొడుగునా బురదరంగులో, ఎవరికీ పట్టని గుమస్తాలా ఉండే మగ బోదురుకప్ప, తొలకరి వానకు జత వెతుక్కునే వేళ ఒక్కసారిగా నిమ్మపండు పసుపులోకి మారిపోతుంది. దవడల కింద రెండు వైపులా ఉబ్బే తిత్తులు మాత్రం ముదురు నీలం. ఒంటికి పసుపు, గొంతుకు నీలం. ఈ జిల్లాలో ఆ రెండు రంగులనూ ఒకే ఒంటి మీద వేసుకుని, నడిబొడ్డున కూర్చుని, నోరు చించుకుని అరిచే ధైర్యం ఉన్న ప్రాణి ఇంకొకటి లేదు. కప్పదాటు అనే మాట మన భాషలో ఊరికే పుట్టలేదని ఆ రోజు నాకు అర్థమైంది. వానల హడావుడి తగ్గగానే రంగు మళ్లీ బురదలోకి దిగిపోతుంది. ఆ విషయంలోనూ అవి కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

వీధిలో ఫిర్యాదులు వచ్చాయి. రెండిళ్ల అవతల పాప నీట్‌కు చదువుతోందట, కప్పల వల్ల రాత్రి స్టడీ అవర్లు పాడవుతున్నాయట. మా వీధి చివర ఫంక్షన్ హాలు ఉంది. మాఘమాసంలో అక్కడి డీజే దెబ్బకు మా వంటింటి గిన్నెలు వాటంతట అవే చప్పుడు చేసేవి. అప్పుడు ఎవరి చదువూ పాడైనట్టు గుర్తు లేదు. ఆ మాట అంటే, "అది పెళ్లి కదండీ" అన్నారు. ఇదీ పెళ్లేనని వాళ్లకు చెప్పడానికి నాకు మొహమాటం అడ్డొచ్చింది.

ఇక ప్రవేశాల విధానం. నేలకప్పది జనరల్ కోటా. జిగురు తాడులో ముత్యాలు గుచ్చినట్టు నల్లగుడ్ల వరసలు పెట్టి, ఆ రాత్రికి రాత్రే తల్లీ తండ్రీ వెళ్లిపోతాయి. ఫీజు లేదు, ఆదివారం ఫోను లేదు, పచ్చడి సీసాలు పట్టుకుని రావడం అంతకన్నా లేదు. పిల్లలు నీళ్లలో ఎలా ఉన్నారో చూడటానికి ఏ తల్లీ తిరిగి రాలేదు. ఈ మాట నేను కాస్త తీవ్రంగానే అన్నాను. మా ఆవిడ చెంబు కింద పెట్టి నా వైపు చూసింది. మా అబ్బాయిని ఇంటర్‌లో చేర్చిన రోజు హాస్టల్ గేటు దగ్గర నేను వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశానన్న సంగతి ఆవిడ పద్నాలుగేళ్లయినా మరిచిపోలేదు.

చెట్టుకప్పది వేరే పద్ధతి. అది ఏసీ క్యాంపస్ కడుతుంది. తన ఒంటి నుంచి వచ్చే జిగురును వెనక కాళ్లతో మజ్జిగ చిలికినట్టు చిలికి, తెల్లటి నురగ ముద్ద చేసి, నీటికి కాస్త పైన అంచుకు అంటించి, గుడ్లు అందులో పెడుతుంది. నురగ పైన పెచ్చు కడుతుంది, లోపల తడి ఆరదు. నాలుగైదు రోజులకు పిల్లలు అందులోంచి జారి కింద నీళ్లలో పడతాయి. అంతటి నిర్మాణాన్ని మా పనమ్మాయి చూసి, "అమ్మగారూ, ఎవరో సబ్బు నురగ కడగకుండా వదిలేశారు" అని కొబ్బరిపీచు అందుకుంది. నేను పరుగెత్తుకెళ్లి అడ్డం పడ్డాను. యాభై తొమ్మిదేళ్ల మనిషి నురగ కోసం చేతులు చాచి నిలబడటం ఆ పిల్ల ఊరంతా చెప్పుకుందని తర్వాత తెలిసింది.

గుడ్డును దగ్గరగా చూస్తే ఎంత ముచ్చటగా ఉంటుందో చెప్పాలి. ఆవగింజంత నల్లటి గుండు, కింది సగం తెలుపు, చుట్టూ సగ్గుబియ్యం ఉడికినట్టు పారదర్శకమైన జిగురు. రెండో రోజుకే గుండు కాస్త సాగి కామా గుర్తులా అవుతుంది. ఆ సాయంత్రానికి కామా కదిలింది. మాస్టారు గోడ అవతలి నుంచే చేతిగడియారం చూసుకుని సమయం రాసుకున్నారు. మన ఎండలకు కుంట నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి కాబట్టి ఇక్కడ సిలబస్ వేగంగా సాగుతుందనీ, చలిదేశాల్లో ఇదే కోర్సుకు నెలలు పడుతుందనీ నేను చెబితే ఆయన ముఖం వెలిగిపోయింది. "క్రాష్ కోర్సు" అన్నారు.

మెస్ గురించి రెండు మాటలు. మా కుంటలోని తోకకప్ప శాకాహారి. నాచు గీరుకుని తింటుంది. మేము ఉడికించిన తోటకూర ఆకులు కూడా వేశాం. పొట్ట నిండా చుట్లు చుట్టుకున్న పేగు చర్మంలోంచి కనిపిస్తుంది. మొదట వెనక కాళ్లు మొలుస్తాయి. ముందు కాళ్లు లోపలే తయారై ఒకనాడు చర్మాన్ని తోసుకుని బయటికొస్తాయి. అప్పుడు నోరు మారుతుంది, మొప్పలు పోయి ఊపిరితిత్తులు పనిలోకి వస్తాయి, అంత పొడుగు పేగు కురచై పురుగులు తినడానికి సిద్ధమవుతుంది. ఆ కొద్ది రోజులు అది ఏమీ తినలేదు. తన తోకనే తనలోకి ఇంకించుకుని బతుకుతుంది. తోక రాలిపోతుందని చాలామంది అనుకుంటారు, అది తప్పు. దీన్ని మన పుస్తకాల్లో రూపవిక్రియ అన్నారు. పరీక్షలకు కూడా ఇదే జరుగుతుంది. ఎంసెట్ 2021లో ఈఏపీసెట్‌గా మారింది. వైద్యం నీట్‌కు వెళ్లిపోగా మధ్యలోని 'ఎం' ఎటు ఇంకిపోయిందో పిల్లలకు పట్టలేదు. వాళ్లూ అప్పుడు తిండి మానేసి ఉన్నారు.

పోటీతత్వం విషయంలో మా కుంట వెనకబడే ఉందని మాస్టారి అభియోగం. నేలకప్ప పిల్లలు నల్లగా గుంపుకట్టి తిరుగుతాయి, ఒకదాన్ని ఒకటి తరమవు. అదే ఖాళీ స్థలంలోని బోదురుకప్ప పిల్లలను చూడమన్నారు. అవి పుట్టుకతోనే మాంసాహారులు. దోమపిల్లలను తింటాయి, అవి చాలకపోతే పక్క బెంచీ వాడిని తింటాయి. మాస్టారు కాసేపు కన్నార్పకుండా చూసి, "ఇదండీ సూపర్ సిక్స్టీ సెక్షను" అన్నారు.

వారాంతపు పరీక్షలకూ లోటు లేదు. తూనీగ పిల్లలు నీటి అడుగున పొంచి ఉంటాయి. పొద్దున్నే కొంగ వచ్చి ఒంటికాలి మీద పర్యవేక్షణ చేస్తుంది. ఒక మధ్యాహ్నం నీటిపాము వచ్చి ఏ హాల్‌టికెట్టూ అడగకుండా ఇరవై మందిని డిబార్ చేసి వెళ్లింది.

తర్వాత నగరపాలక సిబ్బంది వచ్చారు. శుక్రవారం, డ్రై డే. నిలవనీళ్లు పారబోయాలి. వాళ్ల మాట న్యాయమే, డెంగీ దోమ శుభ్రమైన నిలవనీటిలోనే గుడ్లు పెడుతుంది, మా నేలకప్ప పిల్లలు నాచు తినేవే గాని దోమలకు యముళ్లేమీ కాదు. "పోనీ గంబూసియా చేపలు వేస్తామండీ" అన్నాడు వచ్చినతను సౌమ్యంగా. ఆ చేప దోమపిల్లలను తింటుంది. కప్పగుడ్లనూ, తోకకప్పలనూ కూడా వదలదు. అసలు చాలా కప్పలు చెరువులు మాని వానగుంటలు వెతుక్కునేది చేపల బాధ పడలేకే. రోడ్డు మీద గుంట కనపడితే అక్కడొక బ్రాంచి తెరుస్తాయి, పది రోజులు ఎండ కాస్తే ఆ బ్రాంచి విద్యాసంవత్సరం మధ్యలోనే మూతపడుతుంది, చేరినవాళ్ల గతి అంతే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయినప్పుడు ఊరే ఒక కుంట అయింది. దాని మీద హాస్యమాడే ధైర్యం నాకు లేదు, ముందుకు వెళ్తాను.

రాజీ ఏమిటంటే, చిన్న పంపు పెట్టి నీళ్లు కదులుతూ ఉండేలా చేయడం. కదిలే నీటిలో దోమ గుడ్లు పెట్టదు. పంపు కొన్నాం. మొదటి పది నిమిషాల్లోనే అది ఇద్దరు విద్యార్థులను లోపలికి లాక్కుంది. ఆపి, పంపు మూతికి పాత దోమతెర ముక్క కట్టాను. దోమల నుంచి మనుషులను కాపాడాల్సిన తెర ఇప్పుడు నీళ్లలో మునిగి కప్పలను కాపాడుతోంది. మేము మాత్రం దోమల్లో పడుకుంటున్నాం.

ఉపాధి అవకాశాల గురించి అడగని తల్లిదండ్రి ఈ ఊళ్లో ఉండరు కాబట్టి అదీ చెప్పాలి. విదేశీ అవకాశాలు ఒకప్పుడు బాగానే ఉండేవి. మన పిల్లలు అమెరికా బాట పట్టకముందే మన బోదురుకప్పలు వేల టన్నుల లెక్కన విదేశాలకు వెళ్లాయి. కాళ్లు మాత్రమే వెళ్లాయి, మిగతాది ఇక్కడే ఉండిపోయింది. పొలాల్లో పురుగులు తినేవాళ్లు కరవవుతున్నారని గొడవ జరిగి, 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. వైద్యవిద్యకూ కప్ప సేవ తక్కువేమీ కాదు. మా రోజుల్లో బైపీసీ వాడు డాక్టరయ్యే దారి మైనపు పళ్లెంలో వెల్లకిలా పడుకున్న కప్ప మీదుగానే వెళ్లేది. క్లోరోఫాం వాసన, నాలుగు కాళ్లకు నాలుగు గుండుసూదులు, కోసిన తర్వాత కూడా కొట్టుకుంటున్న గుండె. నేను ఆ వారమే ఎంపీసీకి మారిపోయాను.

జూలై చివరి వారంలో ఒక సాయంత్రం సన్నటి జల్లు పడింది. కుంట అంచున నల్లగా ఏదో కదిలింది. మినపగింజలు గెంతుతున్నట్టు. చిటికెనవేలి గోరంత కప్పపిల్లలు, కొన్నింటికి ఇంకా వెంట్రుకంత తోక, గట్టెక్కి, ఒక క్షణం ఆలోచించి, గడ్డిలోకి దూకుతున్నాయి. నడవాలో కాలు కింద పడతాయేమోనని మా ఆవిడ పాత పేపర్లు తెచ్చి పరిచింది. ఏప్రిల్ నాటివి. మొదటి పేజీ నిండా ఇంటర్ ఫలితాల ప్రకటన, తపాలాబిళ్లలంత ఫొటోలు, వాటి కింద మార్కులు.

మాస్టారు గొడుగు వేసుకుని గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టారు. చీకటి పడేసరికి నలభై ఒకటి తేలింది. మూడు వేలలో నలభై ఒకటి. ఆయన వేళ్ల మీద శాతం కట్టబోయి, ఎందుకో మానేశారు.

అంతలో ఖాళీ స్థలం వైపు నుంచి, గోడ కింది తూములోంచి, ఇంకో కప్పపిల్ల వచ్చింది. కాస్త పెద్దది, ఒళ్లు పచ్చగా మెరుస్తోంది. మా కుంటతో దానికి ఏ సంబంధమూ లేదు. నేలకప్ప జాతే కాదు. అది మూడు గెంతుల్లో పేపరెక్కి, మొదటి వరసలో మొదటి అబ్బాయి నుదుటి మీద కూర్చుంది.

"ఇది పక్క బ్రాంచిదండీ" అన్నాను.

మాస్టారు గొడుగు వంచి, కళ్లజోడు సవరించుకుని, దాన్ని చాలాసేపు చూశారు.

"మన దగ్గర మెటీరియల్ తీసుకుందని రాసుకోండి" అన్నారు. "నలభై రెండు."